ఏడో మండలంలో మకాం

ఫ్రిజ్ తలుపు అరలో పాల ప్యాకెట్ పక్కన నాలుగు ఇన్సులిన్ పెన్నులు నిలబెట్టి ఉన్నాయి. ఐదోది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"అది అన్నయ్య సంచిలో ఉంది ఆంటీ," అంది ఆ అమ్మాయి. "పోయిన సోమవారం పొద్దున నేనే కొత్తది తీసి పెట్టాను. పూటకి పదమూడు యూనిట్లు, రోజుకి రెండు పూటలు. సూది మార్చినప్పుడల్లా రెండు యూనిట్లు పారబొయ్యాలి. అంటే రోజుకి ముప్పై. పెన్నులో పట్టేది మూడొందలు."

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఆ సోమవారం మొదటి రోజు. ఇవాళ బుధవారం, పదో రోజు.

"ఈ రాత్రి డోసుతో ఆఖరు," అన్నాను.

"ఎనిమిది గంటలకి. పదకొండేళ్ల వయసు నుంచీ ఒక్క పూట తప్పలేదు."

"బయట ఉన్నవాడు మందుల షాపులో కొనుక్కోలేడా అమ్మా?"

"కాళ్లూ చేతులూ తన అదుపులో ఉన్నవాడైతే కొనుక్కుంటాడు," అంది. ఫ్రిజ్ తలుపు మూసేసి, అక్కడే దానికి వీపు ఆనించి నిలబడింది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. తొమ్మిది రోజులుగా పనికి వెళ్లలేదు. కళ్ల కింద నల్లటి చారలు చూస్తే నిద్రకీ వెళ్లలేదని తెలుస్తోంది.

నేను ఇరవై ఆరేళ్లు బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేశాను. తగలబడని గోదాములు, చావని మనుషులు, దొంగలెత్తుకుపోని నగలు చాలా చూశాను. అక్కడే నాకు జల్లెడ అని పేరు పెట్టారు. మెచ్చుకుని పెట్టలేదు. రిటైరయ్యాక అదే పేరుతో ఈ ప్రైవేటు డిటెక్టివ్ పని మొదలుపెట్టాను. కంప్యూటర్ ఆటల గురించి నాకు ఓనమాలు కూడా రావు. అందుకే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పించుకున్నాను.

ఆమె అన్న పని చేసేది ఇంటర్నెట్‌లో ఆటలు అమ్మే ఒక దుకాణంలో. అన్ని దేశాల వాళ్లూ కొంటారు కానీ ఒకే ఆటకి అందరూ ఒకే ధర ఇవ్వరు. ప్రపంచాన్ని తొమ్మిది మండలాలుగా విడగొట్టారు. మనది రెండో మండలం, ఇక్కడ నిండు ధర. ఏడో మండలంలో జీతాలు తక్కువ కాబట్టి అక్కడ అయిదో వంతుకే ఇస్తారు. ఏ ఆట ఏ మండలంలో ఎంతకి అమ్మాలో తేల్చేవాడు ఇతనే. ఆఫీసులో అందరూ భూగోళం అని పిలుస్తారట.

"చిన్నప్పుడు మేమిద్దరం ఏడాదంతా దాచుకుంటే ఒక్క ఆట వచ్చేది," అంది. "ఎక్కడ పుట్టినవాడైనా కొనుక్కోగలగాలి అని ధరల కోసం తల పట్టుకునేవాడు ఆంటీ. అలాంటివాడు ఆ కీలు దొంగిలిస్తాడా?"

కీలంటే ఆటని తెరిచే కోడ్‌లు. ఏడో మండలం కోసం తయారుచేసిన నలభై వేల కీలు ఆ సోమవారమే మాయమయ్యాయి. అక్కడి కీని ఇక్కడి ధరకి అమ్ముకుంటే ఒక్కోదానికి అయిదు రెట్లు వస్తుంది. అదే రోజు భూగోళం కనబడకుండా పోయాడు. రెండూ కలిపి చదువుకుంటే వచ్చే కథ కంపెనీకి బాగా నచ్చింది.

పది ఇరవై అయిదుకి బెల్ మోగింది.

వచ్చిన సీఐని నేనెరుగుదును. స్టేషన్‌లో అతన్ని ఫైలుమూత అంటారు, ఎదురుగా కాదనుకోండి. పదేళ్ల కిందట అతని బావమరిది 'కాలిపోయిన' దుకాణంలోని సరుకుని పక్క వీధి గోదాములో నేనే పట్టుకున్నాను. అప్పటి నుంచీ నన్ను చూస్తే అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఓహో, జల్లెడమ్మగారు! ఇక్కడ తగలబడిందేమీ లేదే?"

"మీరొచ్చారుగా సీఐ గారూ, ఇక ఎంతసేపు."

అతను నవ్వలేదు. చంకలోంచి ఫైలు తీసి, కాగితం తనవైపే తిప్పుకుని పట్టుకున్నాడు.

"అమ్మా, మీ అన్నయ్య దేశం దాటేశాడు. ఆ దుకాణంలో అతని సొంత ఖాతా ఏడో మండలానికి మారిపోయింది. మారింది సోమవారం సాయంత్రం ఏడూ పదిహేనుకి. ఇంటర్నెట్ అక్కడిది. కార్డు అక్కడిది. అక్కడి ధరకి మూడు ఆటలు కూడా కొన్నాడు. అడ్రస్‌తో సహా ఉంది." కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, నోరు వంకర తిప్పి విదేశీ యాసలో చదివాడు. "మెట్‌లాకిండా కొటూగాడీ స్ట్రీట్."

"ఏదీ, కాగితం ఇలా ఇవ్వండి," అన్నాను.

"దర్యాప్తు రికార్డు. బయటివాళ్లకి చూపించం." ఫైలు మూసేశాడు. ఆ పని అతనికి బాగా వచ్చు. "సాయంత్రం నాలుగింటికి ప్రెస్‌మీట్. పేరూ ఫోటో ఇచ్చేసి, కేసు పైవాళ్లకి పంపేస్తాం. ఆ దేశంవాళ్లు వెతుక్కుంటారు."

"అంటే ఇక్కడ ఇంకెవరూ వెతకరు?" అంది ఆ అమ్మాయి.

"లేనిచోట వెతకడానికి మా దగ్గర మనుషులెక్కడున్నారమ్మా? అయినా మీకే ఉత్తరం రాశాడుగా, వెతకొద్దని."

అది నిజమే. ఆ అమ్మాయి ఫోను తీసి నాకు చూపించింది. పోయిన గురువారం మధ్యాహ్నం రెండూ పదికి అన్న ఖాతా నుంచి ఆమెకి ఒక చిన్న ఆట బహుమతిగా వచ్చింది. దానితోపాటు మూడు వాక్యాలు.

'చెల్లీ, మకాం మార్చాను. కొత్త మకాం ఒకసారి చూస్తే నీకే తెలుస్తుంది. నన్ను వెతకొద్దు.'

"ఇంకేం కావాలి?" అన్నాడు సీఐ.

"అన్నయ్య ఇలా మాట్లాడడు," అంది ఆమె. "మకాం అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడరు. ఇల్లు మారితే ఇల్లు మారాననే అంటాడు."

"దొంగతనం చేశాక భాష మారుతుందమ్మా."

ఆ మాటకి ఆ పిల్ల ముఖం చూసి నాకు ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒకటి నేర్చుకున్నాను, కోపం వచ్చినప్పుడు టైము రాసుకోవాలి. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. సోమవారం 7.15, మకాం మార్పు. గురువారం 2.10, బహుమతి.

"సీఐ గారూ, అతను పనిచేసిన గది చూడాలి."

"సీలు వేశాం."

"మీరే తీయండి, మీ ఎదురుగానే చూస్తాను. కాదంటే నాలుగింటి ప్రెస్‌మీట్‌కి నేను కూడా వస్తాను. విలేకరులకి మీ బావమరిది దుకాణం కథ చెప్పి చాలా కాలమైంది."

అతను పళ్లు నూరుకుని, మధ్యాహ్నం రెండున్నరకి రమ్మన్నాడు.

*

ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. కింద గార్డు లిఫ్టు చూపించాడు.

"మెట్లు ఎటు?" అన్నాను.

"వెనకాల ఉన్నాయి మేడమ్. వాటిమీద ఎవరూ ఎక్కరు."

"నేనెక్కుతాను."

నాకు లిఫ్టు అంటే భయం. ఒకసారి రెండు గంటలు ఇరుక్కుపోయాను, ఆ సంగతి వేరే. మోకాళ్లు మాత్రం ఆ భయానికి ఒప్పుకోవు. వెనక గుమ్మానికి ఉన్న బరువైన తలుపు తోసుకుని వెళ్లి, ఎక్కడానికి ముందే రెండో మెట్టు మీద కూలబడ్డాను. ఆ అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. మెట్ల కింద ఎక్కడో ఠక్... ఠక్ ఠక్ అని చప్పుడు. నీళ్ల మోటారు కాబోలనుకున్నాను. రెండు నిమిషాలాగి లేచాను. అప్పుడు రెండూ ఇరవై అయింది.

పైన మమ్మల్ని కలిసిన ధరల సెక్షన్ హెడ్‌కి నలభై ఉండవు. చొక్కా మడత నలగలేదు. మూడు నెలల కిందటే సేల్స్ నుంచి ఈ సెక్షన్‌కి వచ్చాడట. నీళ్లు కావాలా, టీ కావాలా అని నాలుగుసార్లు అడిగాడు. నేను చేతులు కడుక్కోవడానికి వెళితే కుళాయిలో చుక్క నీరు రాలేదు.

"సారీ మేడమ్, బిల్డింగ్ అంతా ఇదే గోల," అన్నాడు.

సీఐ ఇంకా రాలేదు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఒక మనిషి ఏ దేశంలో ఉన్నాడో మీ దుకాణానికి ఎలా తెలుస్తుంది?"

"మూడు చెక్స్ మేడమ్. ఇంటర్నెట్ ఎక్కడిది, కార్డు ఎక్కడిది, బిల్లింగ్ అడ్రస్ ఎక్కడిది. మూడూ కలిస్తే రీజియన్ మారుతుంది."

"మోసం చెయ్యొచ్చా?"

"చాలామంది ట్రై చేస్తారు. చవగ్గా వస్తుందని ఇంట్లో కూర్చునే వేరే రీజియన్‌లో ఉన్నట్టు చూపిస్తారు. పట్టుకుని ఖాతా ఆపేస్తాం."

"భూగోళం ఖాతా ఎందుకు ఆపలేదు?"

"మూడూ కరెక్ట్‌గా ఉన్నాయి కదా. నిజంగానే వెళ్లాడు."

"ఆ సోమవారం అతను ఆఫీసు నుంచి ఎన్నింటికి వెళ్లాడు?"

"ఆరూ నలభైకి. గేటు దగ్గర కార్డు గీకిన రికార్డుంది."

"కార్డు గీకింది కనిపించింది. మనిషి కనిపించాడా?"

"ఆ కెమెరా ఆ రోజు పని చెయ్యలేదు."

"ఆరూ నలభైకి గేటు దాటినవాడు ఏడూ పదిహేనుకి ఏడో మండలంలో ఉన్నాడా? విమానంలో వెళ్లినా పదకొండు గంటలట కదా?"

"రీజియన్ ముందే మార్చుకుని ఉంటాడు మేడమ్, తర్వాత ఫ్లైట్ ఎక్కి ఉంటాడు."

"ఇప్పుడేగా ఇంటర్నెట్ అక్కడిదై ఉండాలన్నారు?"

అతను వాచీ చూసుకున్నాడు. అప్పుడే సీఐ రావడంతో ఊపిరి పీల్చుకున్నాడు.

భూగోళం పనిచేసిన గది చిన్నది. గోడకి పొడవాటి చెక్క స్టాండు, దాని మీద తొమ్మిది ఫోన్లు. ఒక్కోదాని కింద ఒక్కో మండలం నంబరు. ఒక్కో ఫోనులో ఆ మండలపు సిమ్ము, ఆ మండలపు కార్డు. అక్కడి కొనుగోలుదారుకి ధర ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి ఈ ఏర్పాటు. ఇక్కడ కూర్చుని తొమ్మిది మండలాల్లోనూ తిరిగొచ్చేవాడన్న మాట.

"ఈ గదికి సీలు ఎప్పుడు వేశారు?" సీఐని అడిగాను.

"పోయిన మంగళవారం పొద్దున పది గంటలకి. కరెంటు కూడా తీయించాను. ఈగ కూడా దూరలేదు."

నేను ఒక్కో ఫోను మీట నొక్కుతూ వెళ్లాను. ఒకటి, చచ్చింది. రెండు, చచ్చింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ అంతే. ఎనిమిది రోజులు చార్జింగ్ లేకపోతే ఏ ఫోనైనా అంతే. ఏడోది వెలిగింది. అరవై ఒక్క శాతం.

ఎనిమిదీ తొమ్మిదీ కూడా నొక్కి చూశాను. వెలగలేదు.

"ఈగ దూరలేదన్నారు," అన్నాను.

"బ్యాటరీ గట్టిదై ఉంటుంది," అన్నాడు సీఐ. గొంతులో బింకం తగ్గింది.

స్టాండు పక్కన పొడవాటి కర్టెన్ ఉంది. పక్కకి లాగాను. వెనకాల ఇంకో తలుపు. దానికి కాగితమూ లేదు, లక్కా లేదు. పిడి తిప్పితే తెరుచుకుంది. అవతల సెక్షన్ హెడ్ గది. అతని టీ కప్పు ఇంకా పొగలు కక్కుతోంది.

సీఐ తెల్లమొహం వేశాడు. "ఈ తలుపు సంగతి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాడు.

"మీరు అడగలేదు సార్. అయినా నా రూమ్ తాళం చాలామంది దగ్గరుంటుంది," అన్నాడు హెడ్. చొక్కా మడత నలగలేదు కానీ మెడ దగ్గర తడిసింది.

"ఆ ఫోను ముట్టుకోకండి," అని చెప్పి నేను హాల్లోకి వచ్చాను. అక్కడ పాతికమంది చెవులకి హెడ్‌సెట్లు పెట్టుకుని కొనుగోలుదారుల ఫిర్యాదులు వింటున్నారు. అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. ఒక్కతనికి మాత్రం చెవుల దగ్గర నెరిసింది. నలభై రెండేళ్లే అయినా అతన్ని తాతగారు అంటున్నారు. అక్కడే పదమూడేళ్లుగా ఉన్నాడు. నేను అతని పక్క కుర్చీ లాక్కుని, ఆ అమ్మాయి ఫోనులో బహుమతి చూపించాను.

తాతగారు ఒకసారి చూశాడు. హెడ్‌సెట్ తీసేసి మళ్లీ చూశాడు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"గురువారం రెండూ పదికి. ఏడో మండలం నుంచి."

"రాదు."

"ఏమిటి రాదు?"

"ఏడు నుంచి రెండుకి బహుమతి రాదు మేడమ్. అక్కడ చవగ్గా కొని ఇక్కడివాళ్లకి పంపేస్తారని ఆపేశాం. ధరలో తేడా ఉంటే బహుమతి గీత దాటదు. ఆ నిబంధన రాసిందే మా భూగోళం. ఇది వచ్చిందంటే, గురువారం రెండూ పదికి అతని ఖాతా ఇక్కడే ఉంది."

"మరి సోమవారమే మారిందని రికార్డులో ఉందే?"

"రికార్డులో తేదీ వెనక్కి జరపాలంటే హెడ్ లాగిన్ కావాలి," అని, తన నోటి నుంచి వచ్చిన మాట తనే విన్నవాడిలా ఆగిపోయాడు.

నా వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తిరగలేదు. ఇంకో ప్రశ్న మిగిలి ఉంది.

"బాబూ, నలభై వేల కీలు పోయాయి కదా. ఇప్పటికి ఎన్ని అమ్ముడుపోయాయి?"

"ఒక్కటీ తెరుచుకోలేదు మేడమ్. వాటికి మండలం తాళం ఉంటుంది, ఏడో మండలంలోనే తెరుచుకుంటాయి. ఆ తాళం తీసే అధికారం భూగోళం ఒక్కడికే. అతని పాస్‌వర్డ్, అతని వేలిముద్ర."

"అంటే దొంగ అతనే అయితే మొదటి రోజే తీసేసేవాడు."

"తీసేసేవాడు," అన్నాడు తాతగారు. కళ్లు పెద్దవయ్యాయి. "ఇన్నాళ్లయినా తియ్యలేదంటే..."

"తియ్యమని ఎవరో పక్కన కూర్చున్నారు. అతను తియ్యనంటున్నాడు."

ఆ అమ్మాయి నా భుజం పట్టుకుంది. సంతోషమో భయమో నాకే తెలియని ఊపులో, చెయ్యకూడని పని చేశాను. హాలంతా వినపడేలా గట్టిగా అన్నాను. "నీ అన్న బతికే ఉన్నాడమ్మా. ఈ ఊళ్లోనే ఉన్నాడు!"

తిరిగి చూస్తే సీఐ పక్కన సెక్షన్ హెడ్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"చాలా మంచి వార్త మేడమ్. రీజియన్ రికార్డుల ఒరిజినల్ లాగ్ నా రూమ్‌లో ఉంది. తెస్తాను, సార్‌కి కూడా క్లియర్ అవుతుంది." వాచీ చూసుకుని వెళ్లాడు. నేనూ చూశాను. మూడూ ఇరవై రెండు.

తాతగారు ఇంకా బహుమతి కింది వాక్యాలే చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఇది మీకు రాసింది కాదమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో. "అంటే మీకే రాశాడు, కానీ మా మాటల్లో రాశాడు. మకాం అంటే మా ఫ్లోర్‌లో మనిషి ఉండే చోటు కాదు. ఖాతాలో చూపించే చోటు. ఒకాయన ఇక్కడ సోఫాలో పడుకుని ఏడో మండలంలో ఉన్నానంటే, వీడు మకాం మార్చాడు అంటాం. భూగోళం పెట్టిన పేరే అది."

"హెడ్ కూడా అలాగే అంటాడా?" అడిగాను.

"ఆయన కొత్త కదండీ. రీజియన్ అంటారు. మా మాటలు ఆయనకి రావు."

అంటే ఆ మూడు వాక్యాలు అతని కళ్ల ముందే రాసినా అతనికి అర్థం కాలేదు. పారిపోయినవాడి వీడ్కోలులా కనిపించి ఉంటుంది. ఖాతా మార్చకముందే చెల్లెలికి ఒక బహుమతి పంపనివ్వండి, లేకపోతే స్టేషన్‌కి పరిగెడుతుంది, అని భూగోళం నమ్మబలికి ఉంటాడు. సేల్స్ నుంచి వచ్చినవాడికి బహుమతి గీత సంగతీ తెలియదు.

"కొత్త మకాం ఒకసారి చూస్తే నీకే తెలుస్తుంది," అని ఆ అమ్మాయి మెల్లిగా మళ్లీ చదివింది. "మకాం చూడమన్నాడు. ఎక్కడ చూడాలి?"

"ఖాతాలో అడ్రస్ పేజీ," అన్నాడు తాతగారు. "మేం సరిచూసేది పిన్ కోడ్ ఒక్కటే. వీధి లైనులో ఏం రాసినా కంప్యూటర్ ఒప్పుకుంటుంది. ఆ సంగతి ధరల సెక్షన్‌లో ముగ్గురికే తెలుసు, భూగోళం వాళ్లలో ఒకడు."

నేను సీఐ వైపు చెయ్యి చాపాను. "కాగితం."

"దర్యాప్తు రికార్డు..."

"సీఐ గారూ," అన్నాను, "అక్కడ ఏడో ఫోను వెలిగినప్పుడు మీ ముఖం నేను చూశాను. మీరు చెడ్డవారు కాదు, తొందరపడ్డారు. ఈ పిల్ల అన్నకి ఎనిమిది గంటల దాకానే మందుంది. కాగితం ఇవ్వండి."

అతను చాలాసేపు ఆలోచించలేదు, అది అతని గొప్పతనమే. ఫైలు తెరిచి కాగితం ఆ అమ్మాయికే ఇచ్చాడు.

ఆమె ఒక్క చూపు చూసింది. గొంతులోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది.

"ఇది వీధి కాదు ఆంటీ. మేమిద్దరం ఫోనులో ఇలాగే రాసుకుంటాం. తెలుగే. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, అంతే." వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించింది. ఇంగ్లీషులో మన 'ద'కీ 'డ'కీ ఒక్కటే అక్షరం. ఒత్తులు వేసేదీ లేదు, దీర్ఘాలు తీసేదీ లేదు. సీఐ పెట్టిన ఆ దరిద్రపు విదేశీ యాస తీసేసి ఆమె నోట విన్నాను.

"మెట్ల కింద కొట్టుగది."

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్ల నొప్పి గుర్తు రాలేదు.

"తాతగారూ, ఈ బిల్డింగ్‌లో నీళ్ల మోటారు ఎక్కడుంది?"

"వెనక మెట్ల పక్కన. కానీ అది కాలిపోయి పన్నెండు రోజులైంది మేడమ్. ట్యాంకర్ నీళ్లే. అందుకే కుళాయిలు రావడం లేదు."

పన్నెండు రోజులుగా ఆగిపోయిన మోటారు చప్పుడు నేను ఇందాక రెండూ ఇరవైకి విన్నాను. రెండో మెట్టు మీద కూర్చుని, తీరిగ్గా మోకాళ్లు రాసుకుంటూ విన్నాను. అతని చెల్లెలు కూడా నా పక్కనే ఉంది. మా అడుగుల చప్పుడు విని తలుపు కొట్టి ఉంటాడు. జల్లెడ అట, జల్లెడ! నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

"హెడ్ ఏడీ?" అని సీఐ అరిచాడు. అతని గది ఖాళీ. టీ చల్లారిపోయి ఉంది.

నాలుగంతస్తుల మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆ అమ్మాయి నాకంటే ముందు, సీఐ ఆమెకంటే ముందు. ఆఖరి మలుపు దగ్గర ఆమె "అన్నయ్యా!" అని పిలిచిన పిలుపు ఆ గోడల మధ్య మూడుసార్లు తిరిగింది. జవాబు రాలేదు.

మెట్ల కింద, మోటారు పెట్టె వెనకాల, నడుం వంచితే తప్ప దూరలేని ఇనప తలుపు ఉంది. గొళ్లానికి తాళం తెరిచి వేలాడుతోంది. సీఐ తలుపు లాగి టార్చి వేశాడు. ఎప్పుడో డిస్కులు అమ్మిన కాలంనాటి ఖాళీ అట్టపెట్టెలు గోడ పొడుగునా ఉన్నాయి. ఒక దుప్పటి. సగం తాగిన నీళ్ల సీసా. తలుపు లోపలివైపు, కింద, చెప్పు మడమతో కొట్టిన నల్లటి మచ్చలు వందల్లో ఉన్నాయి.

లోపల ఎవరూ లేరు.

సీఐ గేటు గార్డుకి ఫోన్ చేసి కేకలేస్తున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని దుప్పటి ఎత్తాను. దాని మడతలో ఇన్సులిన్ పెన్ను ఉంది. మందు ఆఖరి గీత దగ్గర, ఒక్క డోసుకి సరిపడా మిగిలి ఉంది. ఇవాళ రాత్రిది. అంత తొందరలో లాక్కుపోయారు.

పైనుంచి తాతగారి గొంతు వినబడింది. "మేడమ్! ఏడో ఫోను స్టాండు మీద లేదు!"

అప్పుడే ఆ అమ్మాయి చేతిలో ఫోను టింగుమంది. ఆమె చూసి నా చేతికిచ్చింది. దుకాణం నుంచి వచ్చిన సందేశం. టైము మూడూ నలభై ఒకటి.

'ఏడో మండలం నుంచి మీకు పంపిన బహుమతి, ధరలో తేడా ఉన్నందువల్ల రద్దు చేయబడింది. పంపినవారి మాటలు చూపబడవు.'

ఎక్కడో ఒక బండిలో, పక్కవాడి కళ్లు కప్పి, తాళం తీస్తున్నట్టు నటిస్తూ, అతను ఆ ఫోనులోంచి చెల్లెలికి ఏదో రాశాడు. ఎటు తీసుకెళుతున్నారో రాసే ఉంటాడు. ఈసారి మకాం నిజంగానే ఏడో మండలంలో ఉంది. తను రాసిన నిబంధనే ఆ మాటల్ని మింగేసింది.

ఆ అమ్మాయి పెన్ను నా చేతిలోంచి తీసుకుని, రెండు అరచేతుల మధ్య దాచుకుంది.

"ఆంటీ," అంది, "ఎనిమిదింటికి ఇది అన్నయ్యకి వెయ్యాలి."

నోట్‌బుక్‌లో టైము రాశాను. నాలుగు గంటల పంతొమ్మిది నిమిషాలు మిగిలి ఉన్నాయి.